కోఎంజైమ్ ఎ అనుకున్నం, జొన్నరొట్టె దగ్గర ఆగినం

అక్క: నమస్తే అందరికీ. తార్నాక నుంచి మాట్లాడుతున్నం. ఇయ్యాల మన విషయం కోఎంజైమ్ ఎ, అంటే తిండిల నుంచి శక్తి తీసుకోనీకి ప్రతి కణానికి కావాల్సిన చిన్న సహాయ అణువు. కణాలు దాన్ని ఎట్ల తయారు చేసుకుంటయి, ఆ ముడిసరుకు ఒకదానికొకటి ఎట్ల ఇచ్చుకుంటయి.

తమ్ముడు: ఫ్యాన్ ఆపిన అక్కా.

అక్క: సంతోషం. ఫ్యాన్ సప్పుడుకు మాట వినబడ్తలేదని వినేటోళ్లు రాసే ఉత్తరాలు మళ్ల నేను చదవలేను. సరే, విటమిన్ బి5, అంటే పాంటోథెనిక్ ఆమ్లం, తిండితోని వస్తది. కణం లోపలికి పోంగనే దానికి ఒక ఫాస్ఫేటు తగిలిస్తరు. ఆ ఫాస్ఫేటు ఏటీపీ ఇస్తది, కణానికి శక్తి అందించే అణువు అది...

తమ్ముడు: ఏటీపీ అంటే యల్లాప్రగడ సుబ్బారావు గారు! 1929, హార్వర్డ్‌ల, ఫిస్కే అనే శాస్త్రవేత్తతోని కలిసి దాన్ని కనిపెట్టిండు.

అక్క: రెండో నిమిషంలనే వచ్చేసిండా?

తమ్ముడు: వస్తడు అక్కా, రావాలె. భీమవరంల పుట్టిన మనిషి. పాంటోథెనిక్ ఆమ్లం మీద గూడ పనిచేసిండు, 1930ల చివర్ల. మన పిల్లలకు పాఠంల ఆయన పేరు చెప్పకుండ ఏటీపీ చెప్తరు, అది నాకు మింగుడుపడదు.

అక్క: అది నిజమే, నేను కాదన్నానా. తర్వాత సిస్టీన్ అనే అమైనో ఆమ్లం వచ్చి కలుస్తది, ఒక కార్బన్ డయాక్సైడ్ పోతది, ఫాస్ఫోపాంటెథీన్ మిగుల్తది. దానికి ఏటీపీలది ఒక ముక్క అతికి, ఇంకో ఫాస్ఫేటు పడితే కోఎంజైమ్ ఎ. మొత్తం ఐదు మెట్లు. ఇగ అసలు ముచ్చట. తయారైన కోఎంజైమ్ ఎ కణం పొర దాటలేదు. పెద్ద మంచం తలుపుల పట్టకుంటే విప్పి పట్టుకపోయి లోపల బిగించుకుంటం చూడు, గట్లనే. కణం బయట దాన్ని విప్పుతరు, ఫాస్ఫోపాంటెథీన్ అయితది. అది రక్తంల చెడిపోకుండ ఉంటది, పొర దాటి ఇంకో కణంలోకి పోతది, అక్కడ ఆఖరు మెట్లు పూర్తయితయి. 2015ల బయటపడ్డది ఈ సంగతి.

తమ్ముడు: అంటే మొదటి మెట్టు చెడిపోయినోళ్లకు...

అక్క: ఆ, అక్కడికే వస్తున్న. మొదటి మెట్టు ఎక్కించే ఎంజైముల్ల పాంక్2 ఒకటి. దాని జన్యువు చెడితే చిన్నపిల్లలకు నడక తడబడ్తది, కాళ్లుచేతులు మెలికలు పడ్తయి, మెదడుల ఇనుము పేరుకుంటది. ఆ మెట్టు తప్పించి తర్వాతి ముడిసరుకే అందిద్దామని ఒక మందు చేసిండ్రు. 2019ల పరీక్షల్ల నెగ్గలే. ఆ తల్లిదండ్రులు ఎంత ఎదురుచూసి ఉంటరు తమ్మీ.

తమ్ముడు: ...ఊఁ.

అక్క: ఒక కణం ఇంకోదానికి ఇచ్చేది ఇదొక్కటే కాదు. ఎన్ఏడీ గూడ అంతే, అది గూడ కణాలకు శక్తి తీసుకోనీకి కావాల్సిన ఇంకో కోఎంజైమ్. కాలేయం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఎన్ఏడీ చేస్తది, దాన్ని విరిచి నికోటినమైడ్‌గ రక్తంలకు వదుల్తది, మిగిలిన అవయవాలు దాన్నే వాడుకుంటయి. ట్రిప్టోఫాన్, నయాసిన్ (అంటే విటమిన్ బి3) రెండూ చాలకపోతే పెల్లాగ్రా అనే రోగం వస్తది. మన జొన్న ఊళ్లల్ల వచ్చింది అదే.

తమ్ముడు: ఆగు ఆగు. జొన్నను అనకు.

అక్క: నేను కాదు, మన హైదరాబాద్ పోషకాహార సంస్థల పనిచేసిన గోపాలన్ గారు అన్నడు. 1960ల, శ్రీకంటియాతోని కలిసి, లాన్సెట్ అనే వైద్య పత్రికల రాసిండు.

తమ్ముడు: మా నాయనమ్మ జీవితమంత జొన్నరొట్టెనే తిన్నది! వేడినీళ్లు పోసి పిండి కలిపి, అరచేతితోని తట్టుతుంటే వాకిట్లకు వినిపిస్తుండె. ఆమెకు ఏ రోగం రాలే.

అక్క: రొట్టెతోని ఏం తింటుండె?

తమ్ముడు: పప్పు, ఆకుకూర, పెరుగు... బర్రె ఉండె ఇంట్ల.

అక్క: బర్రె ఉండె! అదే చెప్తున్న. బర్రె లేని ఇల్లు చూడు. మూడు పూటలా రొట్టె, ఉప్పుకారం. ఎండల పనిచేసే మనిషికి మెడ చుట్టూ, చేతుల మీద, ఎండ తగిలినకాడల్ల చర్మం నల్లబడి పొట్టు లేస్తది. నోరు పూస్తది, విరేచనాలు, ఆఖరుకు మతి తప్పుతది.

తమ్ముడు: అట్లయితే తప్పు జొన్నది కాదు, పేదరికానిది.

అక్క: సగం ఒప్పుకుంట. కానీ గోపాలన్ గారికి తట్టిన ప్రశ్న మంచిది. మక్కలల్ల ట్రిప్టోఫాన్ తక్కువ, పెల్లాగ్రా వచ్చిందంటే అర్థం చేసుకోవచ్చు. జొన్నల మరీ అంత తక్కువ లేదు గదా, మరి ఎందుకొచ్చింది? జొన్నల లూసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం ఎక్కువ, అదే అడ్డం పడ్తున్నదన్నడు.

తమ్ముడు: దాన్ని అందరూ ఒప్పుకున్నరా?

అక్క: లేదు. వేరే చోట్ల చేసినోళ్లకు అదే ఫలితం రాలే. మన పోషకాహార సంస్థోళ్లు విటమిన్ బి6 ఇస్తే లూసిన్ ప్రభావం తగ్గుతదని గూడ చూసిండ్రు. ట్రిప్టోఫాన్ ఎన్ఏడీగ మారే దారిలనే బి6 అవసరం గదా.

తమ్ముడు: చూసినవా! ఒక్క గింజ మీద నేరం మోపుడు కాదు. ఇప్పుడు రోడ్డు పక్కన జొన్నరొట్టె కోసం అందరు వరుస కడ్తున్నరు.

అక్క: కట్టనీ, నేను గూడ తింట. రొట్టెతోని పప్పు తిను అంటున్న. కూనూరు నుంచి ఆ పోషకాహార సంస్థ 1958ల హైదరాబాద్‌కు రాబట్టి మన ఊళ్ల ఆకలిని ఎవరో ఒకరు కొలిచిండ్రు. అది నాకు గొప్ప.

తమ్ముడు: సుబ్బారావు గారి ఇంట్ల గూడ తిండి ఒంటబట్టని స్ప్రూ రోగమే కదా, అన్నదమ్ములు దానితోనే పోయిండ్రు. ఆయన తర్వాత లెడర్లీ అనే మందుల కంపెనీల ఫోలిక్ ఆమ్లం మీద...

అక్క: తమ్మీ, ఫోలిక్ ఆమ్లం మొదలువెట్టకు. అది ఇంకో ఎపిసోడ్.

తమ్ముడు: రెండు ఎపిసోడ్లు.

అక్క: సరే, రెండు. ఫ్యాన్ వెయ్యి ఇగ.