ఎమీన్లు: జంట ఖాళీగా ఉందా, పనిలో ఉందా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్ జీడిమెట్ల, పటాన్‌చెరు ల్యాబుల్లో పనిచేసేవాళ్లూ ఎమ్మెస్సీ విద్యార్థులూ కలిసి కూర్చున్నారు కాబట్టి పాఠ్యపుస్తకం వరసలో వెళ్లను.

అమోనియాలో మూడు హైడ్రోజన్లు. ఒకదాని చోట కార్బన్ గుంపు వస్తే ప్రైమరీ ఎమీన్, రెండింటి చోట వస్తే సెకండరీ, మూడింటి చోటా వస్తే టెర్షియరీ. తప్పులో కాలేసేది ఇక్కడే. ఆల్కహాల్‌లో ఓహెచ్‌ని పట్టుకున్న కార్బన్‌ని చూస్తాం, ఎమీన్‌లో నత్రజనినే చూడాలి. టెర్షియరీ బ్యూటైల్ ఆల్కహాల్ టెర్షియరీయే, కానీ టెర్షియరీ బ్యూటైల్ ఎమీన్ ప్రైమరీ. పేరు చూసి మోసపోవద్దు.

మూడు రకాల్లోనూ నత్రజని మీద ఒక ఎలక్ట్రాన్ జంట బంధంలో చేరకుండా మిగులుతుంది. అణువు పిరమిడ్‌లా ఉంటుంది. ట్రైమిథైల్ ఎమీన్‌లో బంధకోణం 110 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏ ఎమీన్ ఎదురైనా ముందు అడగాల్సింది ఒక్కటే: ఆ జంట ఖాళీగా ఉందా, ఇంకెక్కడైనా పనిలో ఉందా?

వంజరం ముక్కలకు నిమ్మరసం ఎందుకు పట్టిస్తారు? సముద్రపు చేప కండలో ట్రైమిథైల్ ఎమీన్ ఆక్సైడ్ ఉంటుంది. చేప చచ్చాక బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైల్ ఎమీన్‌గా మారుస్తుంది. అది 3 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, అందుకే ముక్కుకు తగులుతుంది. నిమ్మరసంలోని ప్రోటాన్‌ని ఆ ఖాళీ జంట పట్టుకోగానే లవణం అవుతుంది. లవణం గాల్లోకి లేవదు. చెరువు చేపల్లో ఈ ఆక్సైడ్ తక్కువ. బొచ్చె దగ్గర వచ్చే బురద వాసన వేరే లెక్క.

అనిలీన్‌లో నత్రజని నేరుగా బెంజీన్ వలయానికే అతుక్కుని ఉంటుంది, జంట ఆ వలయంలోకి పంచుకుపోయింది. క్షారబలాన్ని చెప్పే పీకేబీ (అంకె ఎంత తక్కువైతే క్షారం అంత బలం) మిథైల్ ఎమీన్‌కు 3.38, అనిలీన్‌కు 9.38. తేడా 6 అంటే క్షారబలంలో పది లక్షల రెట్లు. మరుగుస్థానాల్ని నడిపేది మాత్రం నత్రజని మీద మిగిలిన హైడ్రోజన్లు. అణుభారం 73 ఉన్న మూడింటిని పక్కపక్కన పెట్టండి: బ్యూటైల్ ఎమీన్ 78 డిగ్రీలు, డైఇథైల్ ఎమీన్ 56, ఇథైల్ డైమిథైల్ ఎమీన్ 37 పైచిలుకు. చివరిదానికి హైడ్రోజన్ బంధం ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు.

ఇక ల్యాబ్ పని. 10 గ్రాముల ముడి ఎమీన్, అణుభారం 200 చుట్టూ అనుకుందాం. 100 మిల్లీలీటర్ల టోలుయీన్‌లో కరిగించి, 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో 50 చొప్పున రెండుసార్లు కలపండి. నీటి పొర పీహెచ్ 2 లోపు ఉందో లేదో పేపరుతో చూడండి. ఎమీన్ లవణమై నీళ్లలోకి దిగుతుంది, తటస్థ మలినాలు పైన టోలుయీన్‌లో ఉండిపోతాయి. నీటి పొరను ఐస్‌లో పెట్టి, 20 శాతం కాస్టిక్ సోడాని చుక్కచుక్కగా పోస్తూ పీహెచ్ 12 దాకా తీసుకెళ్లి, కొత్త సాల్వెంట్‌లోకి లాగండి. చాలామంది పీహెచ్ 9 దగ్గరే ఆపేసి దిగుబడి పోయిందని తల పట్టుకుంటారు. మామూలు ఆల్కైల్ ఎమీన్ పీకేఏ (సగం లవణంగా, సగం ఎమీన్‌గా ఉండే పీహెచ్) 10.7 ప్రాంతం, 9 దగ్గర నూటికి 98 పాళ్లు ఇంకా లవణమే! అనిలీన్‌కైతే పీకేఏ 4.6, అందుకే 7 దాటితే చాలు. రెండు పొరలూ విడిపోకుండా పాలలా కలిసిపోతే ఊపడం ఆపి, గాఢమైన ఉప్పునీళ్లు పోసి కాసేపు వదిలేయండి. ప్రైమరీ ఎమీన్‌ని క్షారం సమక్షంలో ఇథైల్ అసిటేట్‌లో రాత్రంతా ఉంచారో, తెల్లారేసరికి కొంత ఎసిటమైడ్ తయారై ఉండొచ్చు. తేలికపాటి ఎమీన్లు రోటావేపర్‌లో (సాల్వెంట్‌ని తక్కువ ఒత్తిడిలో ఆవిరి చేసే పరికరం) సాల్వెంట్‌తో పాటే ఎగిరిపోతాయి. ముందే హైడ్రోక్లోరైడ్ లవణం చేసి ఆవిరి చేయడమే మేలు.

మన ఊరి మందుల పరిశ్రమకు నిద్ర పట్టనివ్వనిది సెకండరీ ఎమీన్. అది నైట్రస్ ఆమ్లంతో కలిస్తే నైట్రోసమీన్ అవుతుంది, క్యాన్సర్ తెస్తుందని భయపడే రకం పదార్థం. 2018లో వల్సార్టాన్ బీపీ మాత్రలు చాలా దేశాల్లో వెనక్కి వెళ్లింది దీనివల్లే. ఆ మందు అణువులో టెట్రజోల్ అనే నత్రజని వలయం కట్టాక, అందుకు వాడగా మిగిలిన ఎజైడ్‌ని చంపడానికి సోడియం నైట్రైట్ వేశారు; ఆమ్లంలో అది నైట్రస్ ఆమ్లం అవుతుంది. సాల్వెంట్‌గా వాడిన డీఎంఎఫ్‌లోనేమో (డైమిథైల్ ఫార్మమైడ్) సెకండరీ ఎమీన్ అయిన డైమిథైల్ ఎమీన్ ఉంది. పుట్టింది ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమీన్, దానికి అనుమతించే పరిమితి రోజుకు 96 నానోగ్రాములు. నైట్రైట్ వేసే ముందే మందు ఉన్న పొరను వేరుచేసి ఉంటే సరిపోయేది. ట్రైఇథైల్ ఎమీన్ డ్రమ్ము గేటు లోపలికి వచ్చినప్పుడు కూడా సర్టిఫికెట్‌లో శుద్ధత ఒక్కటే చూసి సంతకం పెట్టకండి; అందులో మలినంగా ఉండే సెకండరీ ఎమీన్, అంటే డైఇథైల్ ఎమీన్, ఎంత శాతమో వేరే గడిలో ఉంటుంది, లేకపోతే అడిగి రాయించుకోండి.