ఇంట్లోనే సినిమా రక్తం: గులాబీ రంగులోకి పోకుండా

నమస్కారం. ఇదిగో, ఈ గిన్నె చూడండి. గులాబ్ జామూన్ పాకం కాదు. ఇంకో పది నిమిషాల్లో ఇదే రక్తం అవుతుంది.

కావలసినవి తెర మీద ఉన్నాయి, చదువుకోండి. లిక్విడ్ గ్లూకోజ్ అంటే కేకుల వాళ్లు వాడేదే. నేను బేగంబజార్‌లో తెచ్చుకుంటాను. 1981లో వచ్చిన ఈవిల్ డెడ్ అనే దెయ్యం సినిమాకి మొక్కజొన్న సిరప్ వాడారని చదివి, దాని కోసం ఆన్‌లైన్‌లో డబ్బు తగలేయకండి. మన పనికి ఇది చాలు.

కప్పు గ్లూకోజ్, పావు కప్పు గోరువెచ్చని నీళ్లు. కలిపేయండి. చెంచాను ముందు తడిపితే జిగురు అంటుకోదు. ఇలా. అయిపోయింది. ఎర్ర ఫుడ్ కలర్ ఒక చెంచా. అదీ అయిపోయింది.

ఇప్పుడు ఆగండి. నేను బోల్తా పడింది ఇక్కడే.

నా మొదటి లఘుచిత్రం. కృష్ణానగర్‌లో మిత్రుడి గది, పైన మేడ, రాత్రి రెండు గంటలు. మెడ తెగే సన్నివేశం. గిన్నెలో రంగు అద్భుతంగా ఉంది. మెడ మీద పోశాం. ఫోనులో చూస్తే మావాడు పీక తెగినవాడిలా లేడు, రోజ్ మిల్క్ ఒలకబోసుకున్నవాడిలా ఉన్నాడు!

ఎందుకంటే గిన్నెలో లోతు ఉంటుంది, అందుకే ముదురుగా కనిపిస్తుంది. చర్మం మీద పల్చగా జారినప్పుడు వెలుతురు దానిలోంచి దూరిపోతుంది. గులాబీ రంగు తేలుతుంది. చూడండి, తెల్ల పళ్లెం వంచుతున్నాను... అదిగో, గులాబీ. అందుకే కోకో పొడి. అర చెంచా. నేరుగా వేయకండి, ఉండలు కడుతుంది. విడిగా రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లలో ముద్దలా కలిపి, ఆ ముద్దను ఇందులో వేయాలి. తర్వాత నీలం రంగు ఒక్క చుక్క. ఒక్కటే. రెండో చుక్క పడితే నేరేడు పండు రసమే. ఇప్పుడు మళ్లీ పళ్లెం వంచుతున్నాను. తేడా తెలిసిందా? కంటితో చూసి నమ్మకండి, ఏ ఫోనుతో తీస్తారో ఆ ఫోనులోనే చూడండి.

1968లో నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ వాళ్లకి ఈ తలనొప్పి లేదు. నలుపు తెలుపు సినిమా, చాక్లెట్ సిరప్ పోసి సరిపెట్టారు.

చిమ్మడానికి పిచికారీ కంటే నాకు మందుల దుకాణంలో దొరికే పెద్ద సిరంజి, సెలైన్ గొట్టం ఇష్టం. గొట్టాన్ని చొక్కా చేతిలోంచి ఇలా పైకి... ఆ, ఇలా.

ఇది ఎక్కించేలోపు ఒక మాట. తక్కువ డబ్బుతో తీసిన రక్తం సినిమాలు నాకెందుకు ఇష్టమంటే, చేసినవాళ్ల చేతులు కనిపిస్తాయి. 1987లో వచ్చిన బ్యాడ్ టేస్ట్ సినిమా కోసం దర్శకుడు పీటర్ జాక్సన్ గ్రహాంతరవాసుల ముసుగుల్ని వాళ్లమ్మ వంటింటి ఓవెన్‌లో కాల్చాడు. అది తెలిశాక ఆ ముసుగుల్ని వెక్కిరించాలని అనిపించదు. కానీ వీటిలో చాలావరకు చూడలేం, అదీ నిజమే. అరగంట చీకట్లో నడక, తర్వాత ఎవరో తెలియని అమ్మాయి అరుపు, వెంటనే కోత. చచ్చిపోయినవాళ్లు ఎవరో తెలియకపోతే, నాలుగు లీటర్లు పోసినా నాకు నేల తుడిచే గుడ్డే గుర్తొస్తుంది.

నాదీ అదే తప్పు. తర్వాత ఆ సన్నివేశం మళ్లీ తీశాను. ఈసారి కత్తి రాకముందు మావాడు మెట్ల మీద కూర్చుని, తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుంటాడు. పది సెకన్లు, అంతే. రక్తం సగానికి తగ్గించాను. అదే మేడ మీద దుప్పటిని తెరలా కట్టి సినిమా వేసి చూపిస్తే, రక్తానికి నవ్వేవాళ్లు నవ్వారు. చివర్లో ఆ చెప్పు ఒక్కటే మెట్టు మీద కనిపించినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

మరిచాను, చీమలు. ఇదంతా పంచదార పాకం లాంటిదే కదా, షూటింగ్ కాగానే నేల కడిగేయండి. మేము పొద్దున కడుగుదాంలే అనుకున్నాం. ఇంటి యజమాని లేచేసరికి ట్యాంకు నుంచి గుమ్మం దాకా చీమల బారు. తెల్ల చొక్కాలు రెండు కొనుక్కోండి, మరక వదలదు.

సరే, సిరంజి నిండింది. లైటు తీసేస్తున్నాను. చెయ్యి వైపు చూడండి.