బస్సులో మిగిలిన విభక్తి

అందరికీ నమస్కారం.

ఈ ఉదయం మీలో చాలామంది మైలవరం నుంచో, నూజివీడు నుంచో, గుంటూరు నుంచో బస్సెక్కి, విజయవాడ నెహ్రూ బస్‌స్టేషన్లో దిగి ఇక్కడికి వచ్చారు. నేను మాట్లాడబోయేది ఆ బస్సు గురించే. అంటే బండి గురించి కాదు, ఆ మాట గురించి.

ఇందాక నేను 'అందరికీ' అన్నాను కదా, లాటిన్‌లో దాన్నే 'ఓమ్నిబుస్' అంటారు. చివరనున్న 'బుస్' మన 'కి' లాంటి విభక్తి ప్రత్యయం. 1820ల్లో ఫ్రాన్సులోని నాంత్ పట్నంలో స్తానిస్లాస్ బోద్రీ అనే ఆయన తన స్నానశాలకి జనాన్ని తీసుకెళ్లడానికి గుర్రబ్బళ్లు పెట్టాడు. ఎక్కినవాళ్లేమో స్నానం సంగతి వదిలేసి, దారిలో ఎక్కడ పనుంటే అక్కడ దిగిపోయేవాళ్లు. ఆయనకి విషయం అర్థమైంది. బళ్లు నడపడమే వ్యాపారంగా పెట్టుకున్నాడు. డబ్బులిస్తే ఎవరైనా ఎక్కొచ్చు కాబట్టి ఆ బండి 'ఓమ్నిబుస్' అయింది. 1828లో పారిస్‌కి, 1829లో లండన్‌కి చేరింది. లండన్లో జార్జ్ షిల్లిబీర్ నడిపిన బండిని మూడు గుర్రాలు లాగేవి.

ఇంగ్లీషువాళ్ల నోట్లో నలిగి ఆ మాట 'బస్' అయింది. ఏం పోయిందో, ఏం మిగిలిందో చూడండి. 'అందరి' పోయింది, 'కి' మిగిలింది! ఒట్టి ప్రత్యయం పూర్తి మాటై కూర్చుంది. ఇలాంటిది నాకు తెలిసి చాలా అరుదు.

బడిలో సంస్కృతం చదివినవాళ్లకి 'రామాయ, రామాభ్యాం, రామేభ్యః' గుర్తుండే ఉంటుంది. ఆ 'భ్యః', ఈ 'బుస్' ఒకే మూలం నుంచి వచ్చాయి. మాట హల్లుతో ఆగిపోతే మన నోటికి తృప్తి ఉండదు కాబట్టి మనం 'బస్సు' చేసుకున్నాం. 'బస్సుకి వెళ్దాం' అన్నప్పుడల్లా విభక్తి మీద విభక్తి పడుతోంది! మీ పెన్‌డ్రైవ్ యూఎస్‌బీలో, అంటే 'యూనివర్సల్ సీరియల్ బస్'లో, చివరి 'బీ' కూడా ఈ బస్సే.

ఇంత మంచి అర్థమున్న మాటని మనం తిట్టు చేశాం. "ఎర్రబస్సెక్కి వచ్చావా?" అంటాం. ఇంటర్ చదవడానికి తిరువూరు నుంచి నేను వచ్చింది ఆ ఎర్రబస్సులోనే. హాస్టల్లో మొదటి రోజే ఆ మాట పడ్డాను. రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. 'అందరికీ' అనే పేరున్న బండిలో రావడం నామోషీ ఎలా అవుతుందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

మా ఊరికి ఇప్పటికీ పల్లెవెలుగులోనే వెళ్తాను. సాయంత్రం బస్సు అందుకోవాలి. ఉంటాను, నమస్కారం.