మూడు రోజుల ‘ఇంటర్నేషనల్ మేనేజర్’ ట్రైనింగ్: ఒక్క పూట మాత్రం మస్తుంది

నమస్తే అందరికి. జడ్చర్ల నుంచి మాట్లాడుతున్న. పోయిన నెల మా మందుల కంపెనీ నన్ను, ఇంకో నలుగురు మేనేజర్లను మూడు రోజుల ట్రైనింగ్‌కు పంపింది. విదేశీ కంపెనీలతోని పని ఎట్ల చేయాల్నో నేర్పిస్తమన్నరు. మహబూబ్‌నగర్‌ల ఒక హోటల్ హాల్. ట్రైనింగ్ ఇచ్చినోళ్ల పేరు చెప్పను. మనిషికి 14 వేలు ఫీజు, నా జేబుల నుంచి పోలేదు, అయినా ఏది బాగుందో ఏది బాగలేదో చెప్పాలె కదా.

మొదటి రోజు పెద్దగేం లేదు. జపాన్ వాళ్లకు విజిటింగ్ కార్డు రెండు చేతులతోని ఇయ్యాలె. ఫోర్కు ఎడమ చేతిల, కత్తి కుడి చేతిల. పొద్దటి నుంచి లంచ్ దాంక ఇదే. నా పదిహేనేండ్ల నౌకరీల జపాన్ మనిషితోని కూసొని తిన్నది ఒక్కసారే, ఆయన మన మిర్చి బజ్జీ చేత్తోనే తిన్నడు.

లంచ్ అయినంక హాఫ్‌స్టెడ్ స్కోర్లు, అంటే హాఫ్‌స్టెడ్ అనే పరిశోధకుడు దేశదేశాల తీరును అంకెలల్ల కొలిచిన లెక్కలు. పెద్ద సారు ముంగట చిన్నోడు ఎంత అణిగి ఉంటడు అనే లెక్కల ఇండియాకు 77, జర్మనీకి 35. వినడానికి బాగుంది. కాని దీనికి మూలం 1960ల చివర్ల, 70ల మొదట్ల ఐబీఎం ఉద్యోగులను అడిగిన సర్వే. ఒక్క కంపెనీ. ఆ 77 పాలమూరుకూ అదే, హైటెక్ సిటీకీ అదేనా అని అడిగిన. సారు నవ్విండు, స్లయిడ్ మార్చిండు.

ఇగ అసలు సరుకు రెండో రోజు మధ్యాహ్నం. ట్రైనర్ జర్మనీ కొనుగోలుదారు లెక్క కూసున్నడు. మమ్మల్ని ఒక్కొక్కరిని పిలిచి, “ఈ నెల 20కి సరుకు పంపుతరా?” అని అడిగిండు. మావోడు ఒకడు “చేద్దాం సార్, చూస్తం” అన్నడు. ట్రైనర్ డైరీల 20 అని రాసుకున్నడు, అంతే. మనకైతే ఆ “చూస్తం”ల సగం “కాదు” ఉంటది. మా జీఎం సాగదీసిన గొంతును బట్టే పసిగడతడు. అవతలోడికి గొంతు తెలువదు, మాటే తెలుసు.

తర్వాత ఒక్కటే పని. “20కి కాదు. 27కి పంపుతం. ముడిసరుకు లేటైంది.” మూడు ముక్కలు, నడుమ సార్ లేకుండ. నవ్వకుండ్రి, నాకు నాలుగుసార్లు పట్టింది. మొదటి మూడుసార్లు నోట్ల నుంచి సార్ ఊడిపడ్డది.

ఇది మా మందుల పనికి ఎంత అక్కరకొస్తదో ట్రైనర్‌కు తెలిసినట్టు లేదు, చాయ్ తాగేటప్పుడు నేనే చెప్పిన. అమెరికాల మందులను చూసుకునే సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు తనిఖీకొచ్చి, కనపడ్డ లోపాలు రాసి 483 ఫారం ఇచ్చి పోతే, 15 పనిదినాల లోపల జవాబు పోవాలె. అట్ల పోతే, వార్నింగ్ లెటర్ ఇయ్యాల్నా వద్దా అని తేల్చేముందు దాన్ని చూస్తరు. ఆ జవాబుల మనోళ్లు “30 రోజుల్ల పూర్తి చేస్తం” అని రాస్తరు, పెద్దోళ్లను సంతోషపెట్టడానికి. అయ్యేది 90 రోజులకు. మళ్లొచ్చినప్పుడు ఆ కాయిదమే ముంగట పెడతరు.

మూడో రోజు నాకు కోపమొచ్చింది. ఇన్‌కోటర్మ్స్‌కు, అంటే సరుకు పంపేటప్పుడు ఏ ఖర్చు, ఏ రిస్కు ఎవరిదో చెప్పే రూల్స్‌కు, గంటే ఇచ్చిండ్రు. మా బ్యాచ్‌ల పోచంపల్లి దిక్కు నుంచి ఒకన్న ఉండె, ఇక్కత్ బట్టలు బయటికి పంపుతడు. సీఐఎఫ్ (సరుకు ధరల ఇన్సూరెన్స్, ఓడ కిరాయి కలిపి అమ్ముడు) కింద అమ్మితే సముద్రంల పాడైన సరుకు నష్టం తనదే అనుకుంటున్నడు. కాదు. అవతలి ఓడరేవు దాంక కిరాయి, ఇన్సూరెన్స్ అమ్మినాయనే కట్టాలె, నిజమే, కాని సరుకు ఇక్కడ ఓడెక్కంగనే రిస్కు కొన్నోడికి మారుతది. ఎఫ్‌వోబీల (ఓడ కిరాయి కొన్నోడే కట్టుకునే పద్ధతి) కూడా రిస్కు అంతే. ఇంకోటి, కంటైనర్ల పోయే సరుకును ఓడ కంటే ముందే టెర్మినల్‌ల అప్పజెప్తం, దానికి ఎఫ్‌సీఏ (కొన్నోడి రవాణావాళ్లకు అప్పజెప్పంగనే రిస్కు మారే పద్ధతి) మంచిది. ఇదంతా ఆ అన్నకు లంచ్‌ల నేను పేపర్ నాప్కిన్ మీద గీసి చూపిచ్చిన. 14 వేలు తీసుకున్నోళ్లు చేయాల్సిన పని గిది.

రేటింగ్ 5కు 3. అందుల రెండున్నర ఆ రెండో రోజు మధ్యాహ్నానికే. మెయిళ్లు, ఫోన్ల మీద బయటి దేశాలతోని నేరుగా మాట్లాడే మేనేజరైతే పోండ్రి. ఎగుమతి కాయిదాలు నేర్చుకుందాం అనుకుంటే ఇది వద్దు.

వచ్చే బ్యాచ్‌కు మా షిఫ్ట్ ఇన్‌చార్జ్ పేరు రాయిచ్చిన. “సార్, భోజనం ఉంటదా?” అని అడిగిండు. ఉంటది తమ్మీ, కాకుంటే మొదటి రోజు ఫోర్కుతోని తినాలె.