డిశ్చార్జ్ అయ్యాకే అసలు ఖర్చు: స్టెమ్ సెల్ మార్పిడి తర్వాత మందులు, డబ్బు, మనసు

నమస్కారం. స్టెమ్ సెల్ మార్పిడి, అంటే రక్తాన్ని తయారుచేసే మూలకణాలని ఒంట్లోకి ఎక్కించే చికిత్స, అనగానే ఇంటిల్లిపాదీ ఒకే ఒక్క అంకె చుట్టూ తిరుగుతారు. అది ఆస్పత్రి వాళ్లు రాసిచ్చిన ఎస్టిమేట్. అప్పో సప్పో చేసి ఆ అంకెని అందుకుంటారు. కణాలు ఎక్కించిన రోజుని సున్నాగా పెట్టుకుని రోజులు లెక్కపెడతారు. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) వరసగా మూడు రోజులు 500 పైనే ఉన్నాయి, కణాలు నిలదొక్కుకున్నాయి అని డాక్టరు చెప్పగానే గండం గడిచిందనుకుంటారు. గండం సంగతి సరే, సంచీకి చిల్లు పడేది మాత్రం అక్కడి నుంచే.

ఎస్టిమేట్‌లో సాధారణంగా ఉండేది వార్డులో ఉన్నన్నాళ్ల ఖర్చు. సొంత కణాలతో చేసే మార్పిడి అయితే చాలామంది కొన్ని నెలల్లో పనిలోకి వెళ్లగలుగుతారు. దాత కణాలతో అయితే లెక్క వేరు. మొదటి 100 రోజులూ ఆస్పత్రికి దగ్గర్లోనే ఉండమంటారు, పక్కన ఒక మనిషి రాత్రింబవళ్లు ఉండాలంటారు. అంటే అద్దె గది, వారానికి రెండు మూడు సార్లు ఆస్పత్రికి తిరుగుడు, రక్తపరీక్షలు, మందులు. వీటికి తోడు పేషెంటు జీతం, తోడున్న మనిషి జీతం, రెండూ ఒకేసారి ఆగిపోతాయి. పేషెంటు మళ్లీ పనిలోకి వెళ్లడానికి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. నా లెక్కలో కుటుంబాన్ని కుంగదీసేది ఆ పెద్ద బిల్లు కాదు, ఈ చిన్న చిన్న చీటీలే. ఎందుకంటే పెద్ద బిల్లుకి సాయం చేసినవాళ్లు ఈపాటికి ఎవరి పనుల్లో వాళ్లు పడిపోయి ఉంటారు.

ఇప్పుడు దాత కణాలు ఎక్కించినవాళ్లకి ఇచ్చే టాక్రోలిమస్ అనే మందు సంగతి కాస్త దగ్గర్నుంచి చూద్దాం. డబ్బు కష్టం ఒంటికెక్కే దారుల్లో ఇదొకటి. దాత నుంచి వచ్చిన తెల్లకణాలకి మీ ఒళ్లు పరాయిది. అవి మీ చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద తిరగబడితే దాన్ని జీవీహెచ్‌డీ అంటారు. వాటిని పట్టి ఉంచడానికే టాక్రోలిమస్ గానీ సైక్లోస్పోరిన్ గానీ ఇస్తారు. రక్తంలో ఈ మందు తక్కువైతే జీవీహెచ్‌డీ లేస్తుంది, ఎక్కువైతే కిడ్నీలు దెబ్బతింటాయి, చేతులు వణుకుతాయి. అందుకే మాటిమాటికీ లెవెల్ చూస్తారు. రోజుకి రెండుసార్లు వేసుకునే రకమైతే, రాత్రి డోసు వేసుకుని సుమారు 12 గంటలు గడిచాక, పొద్దుటి డోసు వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. మాత్ర జేబులో పెట్టుకుని వెళ్లండి, రక్తం ఇచ్చాక వేసుకోండి. ఇంట్లోనే వేసుకుని వెళ్తే లెవెల్ ఎక్కువగా కనపడుతుంది. అది నిజమనుకుని డోసు తగ్గిస్తే అసలుకే మోసం.

చేతిలో డబ్బు ఆడనప్పుడు చేసే పని ఏమిటంటే, రెండు పూటల మందుని ఒక పూట చేసేయడం, లేదా నెల మందుని నెలన్నర లాగడం. ఎవరికీ చెప్పరు. ఇంతకంటే మోసకారి పొరపాటు ఇంకొకటి ఉంది. పొసకొనజోల్, వొరికొనజోల్ లాంటి ఫంగస్ మందు ఖరీదు ఎక్కువని దాన్ని ఒక్కదాన్నే ఆపేస్తారు, టాక్రోలిమస్ మాత్రం ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకుంటారు. అయినా లెవెల్ పడిపోతుంది. ఎందుకు? ఫంగస్ మందు, కాలేయంలో టాక్రోలిమస్‌ని కరిగించేసే ఎంజైమ్‌ని అణిచిపెడుతుంది. అది ఉంది కాబట్టే డాక్టరు టాక్రోలిమస్ డోసు బాగా తగ్గించి రాశారు. ఫంగస్ మందు మానేశాక ఆ ఎంజైమ్ మళ్లీ లేస్తుంది, ఆ చిన్న డోసు ఇక చాలదు. అటు ఫంగస్ నుంచి కాపుదల పోయింది, ఇటు జీవీహెచ్‌డీకి తలుపు తీసినట్టయింది. ఒంటి మీద దద్దురు, నీళ్ల విరేచనాలతో మళ్లీ వార్డులో చేరితే, మిగిల్చిన డబ్బుకి ఎన్నో రెట్లు పోతుంది.

దీనికి పూర్తిగా ఎదురు పొరపాటు కూడా ఉంది. చవగ్గా వస్తుందని మూడు నెలల మందు ఒకేసారి కొనేయడం. మొదటి నెలల్లో ప్రతి లెవెల్ తర్వాతా డోసు మారొచ్చు, కొన్ని మందులు ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. కొన్నవి డబ్బాలో అలాగే పడి ఉంటాయి. రెండు వారాలకి సరిపడా కొనండి, డోసు కుదురుకున్నాక ఎక్కువ తీసుకోవచ్చు. మందు కంపెనీ మార్చడం తప్పేం కాదు, కానీ చెప్పి మార్చాలి, మార్చాక లెవెల్ మళ్లీ చూపించుకోవాలి. రోజుకి ఒకసారి వేసుకునే టాక్రోలిమస్ వేరు, రెండుసార్లు వేసుకునేది వేరు. ఒకదాని బదులు ఇంకొకటి షాపులో ఇస్తే తీసుకోకండి.

మరి డాక్టరు దగ్గర ఈ మాట ఎలా ఎత్తాలి? మందులు వేసుకుంటున్నారా అని అడిగితే ఆ అని తల ఊపేసి వచ్చేస్తాం కదా. దాని బదులు ఇలా అనండి: "డాక్టరుగారూ, వచ్చే రెండు వారాలకి ఈ మందులన్నీ కొనలేకపోతున్నాం. వీటిలో ఒక్క పూట కూడా ఆపకూడనివి ఏవి? తక్కువ ఖర్చులో వచ్చేవి ఏమన్నా ఉన్నాయా? ఏది ఎప్పటిదాకా?" ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. విరేచనాలు అవుతున్నాయని ఎలా చెప్తారో అలాగే చెప్పండి. ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కీ, సోషల్ వర్కర్ ఉంటే వాళ్లకీ ఇదే మాట చెప్పండి. సాయం చేసే పథకాల కాగితాలు వాళ్ల దగ్గరే కదులుతాయి, అందులోనూ చాలావాటికి ముందే దరఖాస్తు పెట్టాలి.

ఒక్క విషయంలో మాత్రం డబ్బు లెక్క అసలు వేయకండి. జ్వరం 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే అర్ధరాత్రయినా ఫోన్ చేసి బయల్దేరాలి. పారాసెటమాల్ వేసి పొద్దున చూద్దాం అనుకుంటే జ్వరం దిగినట్టు కనపడుతుంది, లోపల ఇన్ఫెక్షన్ తన పని తాను చేసుకుపోతుంది.

ఇక మనసు మాట. నిద్ర పట్టడం లేదు, చిరాకు, ఊరికే ఏడుపు. ఇది అప్పుల దిగులా, మందా? రెండూ కావచ్చు. జీవీహెచ్‌డీకి ఇచ్చే ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్లు నిద్ర చెడగొడతాయి, మనసుని ఎత్తుకీ పల్లానికీ తిప్పుతాయి, షుగర్ కూడా పెంచుతాయి. రోజుకి ఒకటే డోసు అయితే పొద్దున్నే వేసుకోవచ్చా అని అడగండి. దిగులుని కొలవడానికి డిస్ట్రెస్ థర్మామీటర్ అని ఒక కాగితం ఉంది. గడిచిన వారం ఎలా ఉన్నారో 0 నుంచి 10 దాకా గుర్తు పెట్టాలి, 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే కూర్చుని మాట్లాడాల్సిందే. దాని పక్కన సమస్యల జాబితాలో డబ్బు కూడా ఉంటుంది. అక్కడ టిక్ పెట్టకుండా వదిలేయకండి. డబ్బు ఒత్తిడిని మాత్రమే కొలిచే కాస్ట్ (COST) అనే ప్రశ్నావళి వేరే ఉంది, 0 నుంచి 44 దాకా. అందులో స్కోరు తగ్గేకొద్దీ కష్టం ఎక్కువన్నమాట. తిరగేసి చదివేసి బాగానే ఉంది అనుకునే ప్రమాదం ఉంది. బతకాలని లేదు అనే ఆలోచన వస్తే మాత్రం ఏ కాగితం కోసమూ ఆగకండి, ఆ రోజే చెప్పండి.

ఇంట్లో వాళ్లకి ఒక మాట. "డబ్బు సంగతి నీకెందుకు, నువ్వు కోలుకో చాలు" అంటారు ప్రేమగానే. గుసగుసలు వినపడుతూనే ఉంటాయి పేషెంటుకి, ఎంతో తెలియదు కాబట్టి అసలుకంటే పెద్ద అంకె ఊహించుకుంటారు. నా వల్లే ఇదంతా అని మందు మానేది అలాంటప్పుడే. వారానికి ఒకసారి, పగటిపూట, అరగంట కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కాగితాలు చూసే మనిషి, రాత్రి తోడుండే మనిషి వేరువేరుగా ఉంటే మరీ మంచిది. రెండూ ఒకరి నెత్తినే పడితే పేషెంటు కంటే ముందు వాళ్లు పడిపోతారు.

ఇన్సూరెన్స్ ఉంటే చేరకముందే అడగాల్సినవి: దాత పరీక్షలు, కణాల సేకరణ ఎవరి ఖాతాలో పడతాయి, డిశ్చార్జ్ తర్వాత ఎన్ని రోజుల మందులకి ఇస్తారు, మళ్లీ చేరితే కొత్త అనుమతి కావాలా. జవాబు కాగితం మీద తీసుకోండి.

చివరగా, ఎస్టిమేట్‌లో సాధారణంగా కనపడని ఖర్చు ఇంకొకటి. చిన్నప్పుడు వేయించుకున్న టీకాల రక్షణ మార్పిడితో చాలావరకు పోతుంది, మళ్లీ మొదటి నుంచి వేయించుకోవాలి. కొన్ని 3 నుంచి 6 నెలలకే మొదలవుతాయి, తట్టు టీకా లాంటి లైవ్ టీకాలకి కనీసం 24 నెలలు ఆగాలి, అప్పటికి రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఆగి ఉండాలి, జీవీహెచ్‌డీ ఉండకూడదు. ఆ షెడ్యూల్ ఇప్పుడే రాయించుకుని, ఏ నెలలో ఎంత పడుతుందో పక్కనే వేసుకోండి.