డైపర్‌లో పోయడం నేర్పిందీ మనమే, తిట్టేదీ మనమేనా?

నమస్తే అండీ! మొన్నటి వీడియోలో మా వాణ్ణి ఎనిమిదో నెల నుంచే పాటీ మీద, అదే పసిపిల్లల టాయిలెట్ కుర్చీ మీద, కూర్చోబెడుతున్నానని అన్నాను. అంతే, కామెంట్లలో ఏకిపారేశారు. "పసివాణ్ణి హింస పెడుతున్నావు", "రెండేళ్ళు నిండాలి" అని ఒకటే గోల. సరే, ఇవాళ తేల్చేద్దాం.

నాది ఒకటే మాట. మనం పిల్లలకి ముందు డైపర్‌లో పోయడం నేర్పుతున్నాం. అవును, నేర్పుతున్నాం! రెండేళ్ళు రాత్రీ పగలూ నేర్పి, ప్లేస్కూల్ వాళ్ళు "పాటీ ట్రైనింగ్ అయిందా మేడమ్?" అనగానే టెన్షన్ పడి వారంలో మాన్పించాలని చూస్తాం. వాడేం తప్పు చేశాడు చెప్పండి?

మా అమ్మమ్మ అయితే పిల్లాడు నిద్ర లేవగానే కాళ్ళు చాపుకుని, పాదాల మీద కూర్చోబెట్టుకుని "స్స్‌స్స్" అనేది. ధార కట్టేది! మా మావయ్యకి యాభై దాటాయి, ఇప్పటికీ ఎవరైనా ఈల వేస్తే లేచి బాత్రూమ్‌కి వెళ్తాడు. నవ్వకండి, నిజం.

నాకు మాత్రం నేర్పింది మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద సాయంత్రం చేరే నలుగురు తల్లులు. "ఆడుకుంటూ ఠక్కున ఆగి, మూలకెళ్ళి నిలబడ్డాడా, ఎత్తుకుని పరిగెత్తు" అంది మూడో ఫ్లోర్ అక్క. ఇంకొకావిడ, "బలవంతం చెయ్యకు, బిగబట్టుకుంటాడు, దొడ్డికి గట్టిపడుతుంది. లేస్తానంటే లేవనియ్" అంది. చూశారా, హింస లేదు! అమెరికాలో తల్లులు ఇందుకే 2004లో 'డైపర్‌ఫ్రీబేబీ' అని ఏకంగా సంస్థ పెట్టుకున్నారు. పిల్లల సైగలు ఎలా పట్టాలో కలిసి కూర్చుని ఒకరికొకరు చెప్పుకుంటారు. మన మెట్ల మీద మీటింగే, కాకపోతే పేరు పెట్టారు.

మరి "తొందరపడకు" అన్న మాట ఎక్కడిది? బ్రేజెల్టన్ అని అమెరికాలో పెద్ద పిల్లల డాక్టరు. 1962లో 1170 మంది పిల్లల లెక్కలతో, పిల్లాడు సిద్ధమయ్యేదాకా ఆగమన్నాడు. పద్దెనిమిది నెలల ముందు మొదలే పెట్టొద్దన్నాడు. బాగుంది. అదే పెద్దమనిషి 1998లో పాంపర్స్ ప్రకటనలో కనిపించాడు. దేనికో తెలుసా? సైజ్ 6 డైపర్‌కి! నడిచే పిల్లల సైజు! కుట్ర అంటారా, కాకతాళీయం అంటారా, మీ ఇష్టం. నాకైతే నవ్వొచ్చింది.

తూర్పు ఆఫ్రికాలో డిగో అనే తెగ తల్లులు రెండు మూడు వారాల పసికందుతోనే మొదలుపెడతారని 1977లో ఒక పరిశోధన వచ్చింది. అయిదారు నెలలకే పిల్లలు పొడిగా ఉండేవారట. వాళ్ళందరూ హింస పెట్టారా?

ఆ, మా వాడు ఎక్కడపడితే అక్కడ పోయలేదా అంటే, నిన్ననే మా ఆయన ల్యాప్‌టాప్ బ్యాగ్ మీద పోశాడు. తుడుచుకున్నాం. మీ ఇంట్లో "స్స్" అనేవారా, "ష్ష్" అనేవారా? కింద రాయండి, గొడవపడదాం. ఒక్క నిమిషం... వాడు మూలకెళ్ళాడు!