కొక్రేన్ దొంగ కాదు, దొంగను చేశారు!

పోయిన వీడియో కింద సగం కామెంట్లు ఇవే: "అన్నా, స్టాక్ మార్కెట్ మోసంలో జైలుకెళ్లినవాణ్ని హీరోని చేస్తావేంటి?" సరే, ఈ రోజు తేల్చేద్దాం. బ్రిటిష్ నేవీ కెప్టెన్, ఎంపీ లార్డ్ థామస్ కొక్రేన్‌కి 1814లో పడిన శిక్ష ఆ మోసానికి కాదు. 1809లో నోరు విప్పినందుకు!

ఆ ఏడాది ఏప్రిల్ 11 రాత్రి, ఫ్రాన్స్ తీరంలో బాస్క్ రోడ్స్ దగ్గర, మండే ఓడల్ని ఫ్రెంచ్ నౌకల మీదికి వదిలాడు. హడలిపోయి వాళ్లు లంగరు తాళ్లు తెంచుకున్నారు. తెల్లారేసరికి నౌకలు నీళ్లు తక్కువున్న చోట నేలకు తగిలి ఇరుక్కుపోయి ఉన్నాయి. కొక్రేన్ జెండాలతో సిగ్నల్ ఇచ్చాడు: "సగం నౌకలొస్తే చాలు, శత్రువును నాశనం చేయొచ్చు." పై అధికారి అడ్మిరల్ గాంబియర్ గంటల తరబడి దూరంగానే ఉండిపోయాడు. ఒళ్లు మండదా?

ఆ పెద్దమనిషికి పార్లమెంటు కృతజ్ఞతలు చెబుతానంటే, ఎంపీగా అడ్డుపడతానన్నాడు కొక్రేన్. కోర్టు మార్షల్ పెట్టారు, గాంబియర్ నిర్దోషి అన్నారు. మనవాణ్ని నాలుగేళ్లు ఒడ్డున కూర్చోబెట్టారు.

ఎలాంటివాణ్ని కూర్చోబెట్టారో చూడండి. 1801లో ఆయన ఓడ స్పీడీకి 14 బుల్లి ఫిరంగులు. ఒక వైపు ఫిరంగుల గుండ్లన్నీ జేబుల్లో వేసుకుని తిరిగేవాణ్నని ఆయనే చెప్పుకున్నాడు! ఎదురుగా 32 ఫిరంగులు, 319 మంది ఉన్న స్పానిష్ యుద్ధనౌక గామో. మనవాళ్లు 54 మంది. నేరుగా దాని పక్కకు తీసుకెళ్లి ఆనించాడు. వాళ్ల గుండ్లు నెత్తిమీదుగా పోతున్నాయి. చుక్కాని డాక్టరు చేతిలో పెట్టి అందరూ పైకెక్కారు. స్పానిష్ జెండా దింపించాడు. లొంగిపోయామనుకుని వాళ్లు ఆయుధాలు పడేశారు. ఎంత కంత్రీ బుర్ర!

ఇక 1814 ఫిబ్రవరి 21. డోవర్‌లో సైనికాధికారి వేషంలో ఒకడు దిగి నెపోలియన్ చచ్చాడని పుకారు పుట్టించాడు. ఇక యుద్ధం అయిపోయిందనుకుని లండన్‌లో ప్రభుత్వ బాండ్ల ధరలు లేచాయి. ఆ వేషగాడు డి బెరెంజర్ ఆ పొద్దున వెళ్లింది కొక్రేన్ ఇంటికే, కొక్రేన్ బాండ్లు అమ్ముడయిందీ ఆ పొద్దునే. "ఇంకేం కావాలి?" అంటారు మీరు.

ఒక శాతం లాభం వస్తే అమ్మేయమని బ్రోకర్‌కి ముందే చెప్పి ఉంచాడు బాస్! అంత పెద్ద పుకారు తనే పుట్టిస్తే ఒక్క శాతానికి ఎవడైనా అమ్ముతాడా? పైగా ఆ మనిషి పేరు ప్రమాణపత్రంలో బయటపెట్టింది కొక్రేనే. దొంగ వెళ్లి తోటిదొంగ పేరు రాసిస్తాడా? కొక్రేన్ ఇంటికొచ్చినప్పుడు అతని కోటు వేషం తాలూకు ఎరుపా, లేక ఆకుపచ్చా అన్నదానిమీద కోర్టులో పెద్ద రభస. బాబాయి కొక్రేన్-జాన్‌స్టోన్ దేశం వదిలి పారిపోయాడు. ఆయన చేశాడంటే నమ్ముతాను. విచారణ నడిపిన ఎలెన్‌బరో అంతకుముందు మంత్రివర్గంలో కూర్చున్న జడ్జి. నాకైతే అంతా అర్థమైపోయింది!

ఏడాది జైలు, వెయ్యి పౌండ్ల జరిమానా, నేవీ నుంచి, పార్లమెంటు నుంచి గెంటివేత. వెస్ట్‌మినిస్టర్ ఓటర్లు వెంటనే మళ్లీ ఎన్నుకున్నారు. అక్కడి అబ్బే అనే పెద్ద చర్చిలో నైట్ బిరుదుకు గుర్తుగా వేలాడుతున్న ఆయన జెండాను మాత్రం లాగి మెట్ల మీద నుంచి తన్ని పడేశారు.

తర్వాత చిలీ, బ్రెజిల్, గ్రీస్ నౌకాదళాలు పిలిచి నెత్తిన పెట్టుకున్నాయి. 1832లో క్షమాభిక్ష ఇచ్చి నేవీలోకి తీసుకున్నారు. చెయ్యని తప్పుకి క్షమాభిక్షట! 1860లో పోయాక అదే అబ్బేలో పాతిపెట్టారు. జెండా? అంత్యక్రియలకు సరిగ్గా ముందు రోజు తెచ్చి తగిలించారు.